నరేంద్ర దాభోల్కర్ హత్య

మహారాష్ట్ర హేతువాది, వైద్యుడు డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ (1945–2013) 2013 ఆగస్టు 20న పుణెలో హత్యకు గురయ్యారు. సతారాలో వైద్యం మానుకొని ఉద్యమంలోకి వచ్చిన ఆయన 1989లో అంధశ్రద్ధా నిర్మూలన సమితిని స్థాపించారు. బాబాల మహిమలను బహిరంగంగా సవాలు చేశారు. శని శింగణాపూర్‌లో స్త్రీల ప్రవేశం కోసం పోరాడారు. హిందూ వ్యతిరేకి అని ప్రత్యర్థులు నిందించారు. తన పోరాటం భక్తిపై కాదు, భక్తి పేరిట సాగే దోపిడీపైనేనని ఆయన చెప్పేవారు. ఆ తేడాను వినిపించుకున్నవారు తక్కువ.

హత్య జరిగిన రోజు ఉదయపు నడకలో ఆయన ఓంకారేశ్వర్ వంతెనపై ఉండగా, మోటార్ సైకిల్‌పై వచ్చిన ఇద్దరు దగ్గరినుంచి కాల్చి పారిపోయారు. ఏళ్ల తరబడి ఆయన కోరిన మూఢనమ్మకాల నిరోధక చట్టానికి మరునాడే రాష్ట్ర మంత్రివర్గం ఆర్డినెన్స్ రూపంలో ఆమోదం తెలిపింది. బతికుండగా దక్కని స్పందన ఇది. డిసెంబరులో అది చట్టమైంది.

దర్యాప్తు మాత్రం నత్తనడకన సాగింది. బొంబాయి హైకోర్టు ఆదేశంతో 2014లో కేసు సీబీఐకి వెళ్లింది. అభియోగాలు నమోదైంది 2021లో. 2024 మే 10న పుణె ప్రత్యేక న్యాయస్థానం కాల్పులు జరిపిన ఇద్దరికి యావజ్జీవ శిక్ష విధించింది. కుట్రదారుగా అభియోగం ఎదుర్కొన్న వ్యక్తితో సహా ముగ్గురు నిర్దోషులుగా విడుదలయ్యారు.