వెలిగారంలో దాగిన పచ్చని మంట

పదిహేడవ శతాబ్దంలో సూరత్ రేవు నుంచి ఐరోపాకు తరలిన సరుకుల్లో నూలు వస్త్రాలు, నీలిమందుతో పాటు వెలిగారం కూడా ఉండేది. టిబెట్ ఉప్పు సరస్సుల ఒడ్డున పేరుకున్న ముడి వెలిగారం గొర్రెల, మేకల వీపుల మీద హిమాలయ కనుమలు దాటి వర్తకుల చేతులు మారుతూ పల్లపు దేశాలకు దిగివచ్చేది. 1613లో మొగలు ఫర్మానా పొంది సూరత్‌లో స్థిరపడిన ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ దానిని కొని ఓడలకు ఎక్కించేది. బంగారం, వెండి అతికేటప్పుడు లోహం మీది ఆక్సైడు పొరను కరిగించి అతుకు నిలిచేలా చేసే ద్రవ్యంగా కంసాలులకు అది నిత్యావసరం.

లోహాన్ని బట్టి మంట రంగు మారుతుందని భారతీయ రసవాదులు ఏనాడో గమనించారు. రాగి మంట నీలంగా ఉంటుందని మధ్యయుగపు రసార్ణవం చెబుతుంది. అయినా కంసాలి కొలిమిలో నిత్యం కాగే వెలిగారం తన ఆకుపచ్చ రంగును బయటపెట్టలేదు. వెలిగారం సోడియం, బోరాన్, ఆక్సిజన్‌ల లవణం కాగా, వేడికి అందులోని సోడియం 589 నానోమీటర్ల దగ్గర వెదజల్లే గాఢమైన పసుపు కాంతి తక్కిన రంగులన్నిటినీ కప్పివేస్తుంది. పైగా బోరాన్ ఆ గాజులాంటి ద్రవంలోనే చిక్కుకుని, ఆవిరై మంటలోకి సులభంగా చేరదు. కనుక పచ్చని మంట చరిత్ర ప్రధానంగా బోరాన్‌ను సోడియం నుంచి విడదీసి ఆవిరి రూపంలోకి తెచ్చిన చరిత్ర.

మొదటి పని 1702లో రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ హోంబెర్గ్ చేశాడు: వెలిగారాన్ని అన్నభేదితో, అంటే ఐరన్ సల్ఫేటుతో, కలిపి కాచి, నేడు బోరికామ్లమని పిలిచే తెల్లని పొలుసులను రాబట్టాడు. 1732లో క్లోద్ జోసెఫ్ జెఫ్రువా ఆ పొలుసులను మద్యసారంలో కలిపి వెలిగించగా మంట ఆకుపచ్చగా లేచింది. 1808లో లండన్‌లో డేవీ, పారిస్‌లో గే-లూసాక్, తెనార్ బోరాన్‌ను మూలకంగా వేరుచేసిన తరువాత గాని, ఆ రంగు ఏ పదార్థానిదో చెప్పడం సాధ్యం కాలేదు.

జెఫ్రువా చూసిన ఆకుపచ్చ మంట చర్యను కళాశాల ప్రయోగశాలల్లో నేటికీ చేసి చూపుతారు. పింగాణీ మూకుడులో బోరేటు లవణం మీద గాఢ సల్ఫ్యూరికామ్లం, ఆపై ఇథైల్ ఆల్కహాల్ పోసి అంటిస్తే మంట అంచులు ఆకుపచ్చగా మెరుస్తాయి. ఆమ్లం లవణం నుంచి బోరికామ్లాన్ని విడిపించడమే గాక, అది ఆల్కహాల్‌తో కలిసి బోరేటు ఎస్టరుగా మారేటప్పుడు పుట్టే నీటిని పీల్చుకుంటుంది. ఎస్టరు సులభంగా ఆవిరవుతుంది, సోడియం మూకుడులోనే మిగులుతుంది. మిథైల్ ఆల్కహాల్‌తో ఏర్పడే ఎస్టరు 68 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది గనుక రంగు ఇంకా తేటగా కనిపిస్తుంది. మంటలో పుట్టే బోరాన్ డయాక్సైడు అణువు 548 నానోమీటర్ల ప్రాంతంలో వెలువరించే కాంతి పట్టీలే ఈ పచ్చదనానికి మూలం.

బాణసంచాలో ఆకుపచ్చ రంగుకు వాడే బేరియం లవణాల్లో విషపూరితమైనవి ఉండటంతో, ఈ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు బోరాన్ కార్బైడును ప్రత్యామ్నాయంగా పరిశీలించారు. ఒకప్పుడు సూరత్ గుండా సాగిన వెలిగారం అమ్ముడైంది అతుకుల కోసమే. దాని వెలుగుకు విలువ కట్టగలిగింది, దానిలోని పదార్థాలను ఓపికగా విడదీసి చూసిన రసాయన శాస్త్రమే.