పాటిగడ్డ బిళ్లలు

వాన వెలిసిన తెల్లారి పాటిగడ్డ మీదికి పరుగెత్తడం మా కోటిలింగాల పిల్లలకు అలవాటు. గోదావరిలో పెద్దవాగు కలిసే ఈ ఒడ్డున మట్టి కోసుకుపోయిన చోటల్లా పూసలు, కుండపెంకులు, నల్లబడ్డ బిళ్లలు తేలేవి. బిళ్లల్ని చింతపండుతో తళతళలాడేలా తోమేవాళ్లం.

వాటి మీదున్నవి బ్రాహ్మీ అక్షరాలు, భాష ప్రాకృతం. ఆ అక్షరాలు చదివాకే గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు వెలుగులోకి వచ్చాయి. శాతవాహనులకు ముందు ఈ సీమను ఏలినవాళ్లు వీళ్లేనన్నారు చరిత్రకారులు. శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుడి పేరు ‘ఛిముక’ అని ఉన్న నాణేలూ ఇక్కడే దొరికాయి. వాటిని చదివిన పి.వి.పరబ్రహ్మశాస్త్రిని, ఇక్కడ తవ్వకాలు జరిపించిన వి.వి.కృష్ణశాస్త్రిని మా ఊరు మరవదు.

పేరు నిండుగా పడ్డ నాణెం అరుదు. చేత్తో కొట్టిన అచ్చు కాస్త జరిగితే ఒక బిళ్ల మీద మొదటి అక్షరాలు, ఇంకోదాని మీద చివరివి పడతాయి. నాలుగైదు పక్కపక్కన పేర్చుకుంటే గానీ రాజు పేరు పూర్తికాదు.

నకిలీ పట్టుబడేదీ పక్కన పెట్టి చూసినప్పుడే. ఒకే మూసలో పోసిన పది బిళ్లలకూ ఒకే చోట గీత, ఒకే చోట సొట్ట ఉంటాయి. అంచున అతుకు గీత, ముఖాన గాలిబుడగల గుంటలు, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తే అనుమానించాల్సిందే. తూకమూ తేడా కొట్టొచ్చు.

కొన్నింటికి ఈ పరీక్షలూ అక్కర్లేదు. ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం ఉన్న బిళ్లలు చాలామంది ఇళ్లలో ఉన్నాయి. కంపెనీ అలాంటి నాణెం వేయనే లేదు. అయినా అది బియ్యం గింజల్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని నమ్మించి ముంచేవాళ్లున్నారు.

అసలైనది దొరికితే మాత్రం తోమొద్దు, అమ్మొద్దు. పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. చట్టం సంగతి అటుంచినా, ఏ చెలకలో, ఎంత లోతులో, వేటి పక్కన దొరికిందో రాసి పెట్టాలి. గోబద పేరుకు విలువ వచ్చింది ఈ గడ్డ మీద దొరికినందుకే. సంచిలో పడి ఊరు దాటాక ఆ సాక్ష్యం పోతుంది.

ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు ఊరి అంచుల్లోకి వచ్చాయి. వాటిని చూసినప్పుడల్లా చింతపండు గుర్తొస్తుంది. మా చేతుల్లో ఏ రాజు పేరు అరిగిపోయిందో!