ఇండోరులో నాలుగు పరుగులు

2024 ఫిబ్రవరి 26, సోమవారం. ఇండోరు హోల్కర్ స్టేడియంలో రంజీ ట్రోఫీ క్వార్టర్ ఫైనల్ నాలుగో రోజు. మధ్యప్రదేశ్‌ను ఓడించడానికి ఆంధ్ర జట్టుకు ఇంకా 75 పరుగులు కావాలి, చేతిలో ఆరు వికెట్లున్నాయి. ముందురోజు సాయంత్రానికి స్కోరు 4 వికెట్లకు 95. హనుమ విహారి క్రీజులో ఉన్నాడు. లక్ష్యం 170 మాత్రమే. రెండో ఇన్నింగ్స్‌లో మధ్యప్రదేశ్‌ను 107కే మడతపెట్టిన జట్టు మనది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి నాలుగు వికెట్లు తీశాడు. బెజవాడలోనూ బందరులోనూ రంజీ స్కోరు చూసే అలవాటున్న కొద్దిమందీ ఆ పొద్దున ఫోను కింద పెట్టలేదు.

ఆంధ్ర 165కి ఆలౌటైంది. విహారి చేసిన 55 పరుగులే ఇన్నింగ్స్‌కు వెన్నెముక. అనుభవ్ అగర్వాల్ ఆరు వికెట్లు తీశాడు. నాలుగు పరుగుల తేడాతో సెమీఫైనల్ చేజారింది. గెలిచి ఉంటే నాగ్‌పూర్ వెళ్లి విదర్భతో ఆడేవాళ్లం.

ఓడితే ఏడుస్తాం, రెండు రోజులకు మరిచిపోతాం. ఆటను ప్రేమించేవాళ్లకు అది కొత్త కాదు. కానీ ఆ సాయంత్రం విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో రాసిన మాటలు చదివాక తెలిసింది, మనం పోగొట్టుకున్నది నాలుగు పరుగులు కాదని. జనవరిలో విశాఖలో బెంగాల్‌తో జరిగిన మొదటి మ్యాచ్‌కు తానే సారథి. ఆ మ్యాచ్‌లో జట్టులోని 17వ ఆటగాడి మీద అరిచాడు. ఆ కుర్రాడు రాజకీయ నాయకుడైన తన తండ్రికి చెప్పుకున్నాడు. ఆ తండ్రి అసోసియేషన్‌కు చెప్పి విహారిపై చర్య తీసుకోమన్నాడు. తన తప్పేమీ లేకున్నా కెప్టెన్సీకి రాజీనామా చేయమన్నారు. ఇదీ విహారి చెప్పినదాని సారం. ఆత్మగౌరవం పోయిన చోట, అంటే ఆంధ్ర తరఫున, ఇక ఎన్నటికీ ఆడనని కూడా రాశాడు.

విహారి ఆ కుర్రాడి పేరు రాయలేదు. ఆ యువకుడు ముందుకొచ్చి ఈ కథనం అబద్ధమన్నాడు. విహారి భాష గురించి, తీరు గురించి ఫిర్యాదులున్నాయని, విచారణ జరుపుతామని ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ ప్రకటించింది. మరోవైపు జట్టులోని ఆటగాళ్లు విహారే కెప్టెన్‌గా కావాలంటూ సంతకాలు చేసిన లేఖ బయటికొచ్చింది. ఎవరి మాటలో ఎంత నిజముందో తేల్చే పని నాది కాదు. ఒక్కటి మాత్రం అందరి కళ్లముందూ జరిగింది. సీజన్‌లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడాక, అదీ బెంగాల్ 409కి జవాబుగా 445 చేసి మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం సాధించాక, రాష్ట్ర జట్టు సారథి మారిపోయాడు. బ్యాటింగ్ మీద దృష్టి పెట్టడానికే తప్పుకున్నాడని అప్పట్లో చెప్పారు. మనం నమ్మాం. కొత్త సారథి రికీ భుయ్ ఆ బెంగాల్ మ్యాచ్‌లోనే 175 కొట్టినవాడు. ఆ ఏడాది రంజీలో దేశంలోకెల్లా ఎక్కువ పరుగులు, 902, అతనివే. అతని మీద ఎవరికీ చిన్న కోపం కూడా లేదు.

విహారి ఎవరో తెలిస్తేనే ఈ బాధ అర్థమవుతుంది. కాకినాడలో పుట్టాడు. హైదరాబాద్ తరఫున ఆట మొదలుపెట్టి ఆంధ్రకు వచ్చాడు, మధ్యలో ఒకసారి హైదరాబాద్ వెళ్లి తిరిగొచ్చాడు. భారత్ తరఫున 16 టెస్టులు ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి టెస్టును కాపాడాడు. ఆ ఇన్నింగ్స్ దేశమంతా చూసింది.

మన సొంతమైన ఇన్నింగ్స్ మాత్రం ఇంకొకటి. దాన్ని చూసినవాళ్లు తక్కువ. 2023 జనవరి చివర, ఇదే ఇండోరు, ఇదే మధ్యప్రదేశ్, ఇదే క్వార్టర్ ఫైనల్. ఆవేశ్ ఖాన్ బంతి తగిలి విహారి ఎడమ మణికట్టు విరిగింది. మైదానం వదిలి వెళ్లాడు. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 చేశారు. తొమ్మిది వికెట్లు పడ్డాక, కట్టు కట్టిన చేతితో సారథి మళ్లీ మెట్లు దిగివచ్చాడు. విరిగిన చేతికి దెబ్బ తగలకుండా ఎడమచేతి వాటం బ్యాటర్‌లా నిలబడి, ఒంటిచేత్తో బ్యాటు తిప్పాడు. మొత్తం 27 చేశాడు. జట్టు 379కి చేరింది. రెండో ఇన్నింగ్స్‌లో జట్టు 93కే కుప్పకూలినప్పుడు కూడా అలాగే దిగి 15 చేశాడు. 151 పరుగుల ఆధిక్యం ఉండి కూడా ఆ మ్యాచ్ ఓడాం. మధ్యప్రదేశ్ 245 లక్ష్యాన్ని ఐదు వికెట్లు మిగిలుండగా అందుకుంది. అయినా ఆ ఓటమిలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆంధ్ర టోపీ కోసం ఒక మనిషి విరిగిన చెయ్యి పణంగా పెట్టాడని చెప్పుకోవడానికి మనకొక కథ దొరికింది.

ఆ మనిషినే పదకొండు నెలల తర్వాత పక్కన పెట్టారు. ఏడేళ్లలో ఐదుసార్లు జట్టును నాకౌట్‌కు తీసుకెళ్లానన్నది ఆయనే రాసుకున్న లెక్క. ఒక ఆటగాడు తన సేవ లెక్క తానే చెప్పుకోవాల్సి రావడం నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది. ఆ లెక్క చెప్పాల్సింది అసోసియేషన్.

ఇండోరుతో తెలుగు క్రికెట్‌కు ఇంకో బంధం ఉంది. భారత తొలి టెస్టు సారథి కర్నల్ సి.కె. నాయుడు హోల్కర్ జట్టును నడిపించింది అక్కడే. తెలుగు మూలాలున్న ఆ కుటుంబం పూర్వీకులది మన బందరు. ఆయన పుట్టింది నాగ్‌పూర్‌లో, కన్నుమూసింది ఇండోరులో. 1953-54లో ఆంధ్ర తొలిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు యాభై ఎనిమిదేళ్ల వయసులో సారథిగా నిలిచింది కూడా ఆయనే. ఇప్పటికి ఏడు దశాబ్దాలు దాటాయి. ఆ జట్టు రంజీ ఫైనల్ ఎన్నడూ ఆడలేదు. సి.కె. ఆడిన ఊళ్లో వరసగా రెండేళ్లు క్వార్టర్ ఫైనల్ ఓడిపోయి, ఆయన పుట్టిన ఊళ్లో సెమీఫైనల్ ఆడే అవకాశం నాలుగు పరుగుల్లో పోగొట్టుకుంది.

ఇక మా కృష్ణా డెల్టాలో క్రికెట్ మీద మోజు ఎంతో చెప్పక్కర్లేదు. మా పొలాల్లో వరి కోతకు ముందే మినుము చల్లేస్తారు. పనలు తీసేసరికి మొలకలుంటాయి. కోసిన చేను ఖాళీగా ఉండదు కాబట్టి ఉయ్యూరైనా అవనిగడ్డైనా కుర్రాళ్లకు హైస్కూలు ఆవరణో, ఊరి బయట బీడో దిక్కు. సంక్రాంతికి టెన్నిస్ బంతి టోర్నమెంట్లు పెట్టని ఊరు అరుదు. ఇంత ఆట ఉన్న చోట పెద్ద ఆట ఎన్నిసార్లు జరిగిందో చూడండి. బందరు రోడ్డు పక్కన లబ్బీపేటలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం ఉంది. 2002 నవంబరు 24న అక్కడ భారత్, వెస్టిండీస్ ఏడో వన్డే ఆడాయి. సిరీస్ 3-3. వెస్టిండీస్ 315 కొట్టింది. మార్లన్ శామ్యూల్స్ 108 పరుగులతో అజేయంగా నిలిచాడు. మనవాళ్లు 180కి ఆలౌటై 135 పరుగుల తేడాతో ఓడారు. సిరీస్ పోయింది. పురుషుల వన్డే బెజవాడకు రావడం అదే మొదలు, అదే చివర. ఇప్పుడు ఆ గ్రౌండులో ఆగస్టు 15నో జనవరి 26నో కవాతులు జరుగుతాయి. నగరం మధ్యలో అంత చోటు ఉన్నందుకు సంతోషమే. కానీ మా పిల్లలకు అది స్టేడియంగా తెలియదు.

తర్వాత మూలపాడులో జంట మైదానాలు వచ్చాయి. హైదరాబాదు దారిలో, ఇబ్రహీంపట్నం దాటాక, కొండల నడుమ చక్కటి చోటు. 2016 నవంబరులో భారత మహిళల జట్టు వెస్టిండీస్‌తో మూడు వన్డేలు, మూడు టీ20లు అక్కడే ఆడింది. వన్డేలు మూడూ మనవి, టీ20లు మూడూ వాళ్లవి. కృష్ణకు అవతలి ఒడ్డున మంగళగిరి దగ్గర నవులూరులో పెద్ద స్టేడియం లేచింది. లేచి, పూర్తికాకుండా ఏళ్లకేళ్లు నిలబడింది. 2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైతే బెజవాడ టైగర్స్ పేరుతో ఒక జట్టు పెట్టారు. ఆ టైగర్స్ తమ మ్యాచ్‌లు ఆడింది విశాఖలో. విశాఖ మీద నాకు ఈర్ష్య లేదు, అక్కడి స్టేడియం దేశంలోనే మంచి వాటిలో ఒకటి. మా ఊరి పేరు చొక్కా మీద వేసుకున్నవాళ్లను మా ఊరివాళ్లు టీవీలో చూడాల్సి రావడమే మింగుడుపడలేదు.

ఇదంతా అడగడానికి అభిమానికి తలుపేది? అసోసియేషన్‌లో ఓటు జిల్లా సంఘాలకు, సభ్య క్లబ్బులకు ఉంటుంది. క్రికెట్ పాలన సంస్కరణల కోసం వేసిన లోధా కమిటీ సిఫారసుల తర్వాత, సుప్రీంకోర్టు ఆదేశాలతో 2018లో వచ్చిన నియమావళి మంత్రులను, ప్రభుత్వోద్యోగులను పదవులకు దూరం పెట్టింది. డెబ్బై ఏళ్ల వయోపరిమితి పెట్టింది. పాలకమండలి అయిన అపెక్స్ కౌన్సిల్‌లో మాజీ ఆటగాళ్లకు చోటిచ్చింది. చూసేవాడికి మాత్రం ఎక్కడా చోటు లేదు. జర్మనీలో ఫుట్‌బాల్ క్లబ్బుల్లో సగానికి పైగా ఓటు హక్కు సభ్యుల చేతిలోనే ఉండాలని నియమముంది. ఏడాది చందా కట్టే మామూలు అభిమాని అధ్యక్షుణ్ణి నిలదీయగలడు. ఇంగ్లండ్ రగ్బీలో అలాంటి రక్షణ లేక ఏం జరిగిందో చూశాం. 2022 శరదృతువులో నెల తేడాతో వూస్టర్ వారియర్స్, 1867 నాటి వాస్ప్స్ క్లబ్బులు అప్పుల్లో మునిగాయి. మరుసటి ఏడాది లండన్ ఐరిష్ వంతు. యజమానులు చేసిన అప్పుకు అభిమానులు తమ శనివారాలు పోగొట్టుకున్నారు. మన దగ్గర అసోసియేషన్ దివాలా తీయదు, బీసీసీఐ డబ్బు వస్తూనే ఉంటుంది. అందుకే మన నష్టం లెక్కల పుస్తకంలో కనబడదు.

2024 జూన్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. అదే నెలలో విహారి మంత్రి నారా లోకేశ్‌ను కలిశాడు. ఆంధ్రకు మళ్లీ ఆడతానన్నాడు. ఆగస్టులో అపెక్స్ కౌన్సిల్ మూకుమ్మడిగా రాజీనామా చేసింది. సెప్టెంబరు 8న విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ పోటీ లేకుండా అసోసియేషన్ అధ్యక్షుడయ్యారు. మా ఊరి ఎంపీ అధ్యక్షుడయ్యాడని కొందరు మిత్రులు పండగ చేసుకున్నారు. విహారి తిరిగొచ్చినందుకు నేనూ సంతోషించాను. కానీ ఆ సంతోషం గొంతులోనే ఆగింది. ఒక నాయకుడి ఫిర్యాదు వల్ల కెప్టెన్సీ పోయిందని చెప్పిన ఆటగాడికి ఊరట దొరికింది ఇంకో నాయకుడి గడప దగ్గర. మధ్యలో ఆట నియమమేదీ పనిచేయలేదు. ఎన్నికల ఫలితం ఇంకోలా వచ్చి ఉంటే విహారికి న్యాయం అందేదా? ఆ ప్రశ్న ఏ పార్టీవాళ్లకైనా వర్తిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు మంచివాళ్లే కావచ్చు, పనీ చేస్తుండవచ్చు. సారథిని ఎవరు నియమిస్తారు, ఎవరు తీస్తారు, ఏ కారణం రాసిపెడతారు అన్నది మనుషుల మంచితనానికి వదిలేస్తే, ఐదేళ్లకోసారి జట్టు తలరాత కూడా ఓట్ల పెట్టెలోనే ఉంటుంది.

2024-25 రంజీలో ఆంధ్ర నాకౌట్‌కు చేరలేదు. ఆ డిసెంబరులోనే నితీశ్ మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టాడు. 114. గ్యాలరీలో అతని తండ్రి కన్నీళ్లు పెట్టుకోవడం తెలుగు ఇళ్లన్నీ చూశాయి. ఈ నేలలో ఆటగాళ్ల కొరత లేదని మరోసారి తేలింది. 2025 ఆగస్టులో విహారి త్రిపురకు వెళ్లిపోయాడు. అప్పటికి అతని వయసు ముప్పై ఒకటి. ఇంకా నాలుగైదేళ్ల ఆట ఉంది. రంజీలో ఆంధ్రకంటే తక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టుకు పరుగులు చేసిపెట్టడానికి వెళ్లాడు మన ఒంటిచేతి సారథి. ఈసారి పెద్ద గొడవ లేదు, సంతకాల లేఖ లేదు. పేపర్లో క్రీడల పేజీలో చిన్న వార్తగా వచ్చింది.

నవులూరు స్టేడియం పూర్తిచేసి అంతర్జాతీయ మ్యాచ్‌లు తెస్తామని ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. చేస్తే మొదటి వరుసలో టికెట్ కొనేది మేమే. అంతకంటే ముందు అపెక్స్ కౌన్సిల్‌లో ప్రేక్షకులకు ఒక్క కుర్చీ వేయాలి. సెలక్షన్ సమావేశాల నిర్ణయాలు, సారథి మార్పుకు కారణాలు సీజన్ ముగిశాకైనా జనం ముందు పెట్టాలి. 2024 జనవరిలో బెంగాల్ మ్యాచ్‌కూ ఆ తర్వాతి మ్యాచ్‌కూ మధ్య ఎవరు ఎవరికి ఫోను చేశారో, ఎవరు సంతకం పెట్టారో కూడా.