కప్పతల్లి: కరువు నేర్పిన పంపకం

కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్నందుకే గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. రెండు పక్కలా నదులున్నా అక్కడి మెట్టచేలు తరతరాలుగా మొగులునే నమ్ముకున్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలకూ వాన పడితేనే చెరువు, చెరువు నిండితేనే వరి. మృగశిర, ఆరుద్ర కార్తెలు పొడిగా దాటిపోతే అక్కడ కప్పతల్లి ఆట మొదలయ్యేది. కప్పను గుడ్డలో కట్టి, వేపమండలతో పాటు రోకలికి వేలాడదీసి, ఇద్దరు భుజాన మోస్తుంటే మిగతావాళ్లు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. ఇల్లాలు కప్ప మీద చెంబెడు నీళ్లు పోసి, ఇన్ని గింజలు పెట్టేది. పోగైన గింజలను అందరూ కలిసి వండుకుని తినేవాళ్లు. దీన్ని వానదేవుడికి పెట్టుకున్న మొరగానే చూస్తే సగమే చూసినట్టు. కరువులో ఉన్నది పంచుకునేలా ఊరును కదిలించడమే ఈ ఆచారం చేసిన అసలు పని అని నా వాదన.

కప్ప అరవడం వల్ల వాన రాదు, వాన వల్లే కప్ప అరుస్తుంది, ఈ ఆచారం కార్యకారణాలను తిరగేసింది అని హేతువాది అంటాడు. ఆ మాట నిజమే. గోదురుకప్ప ఎండాకాలమంతా రాళ్ల సందుల్లో, మట్టిలో దాక్కుని, తొలకరి తడికి బయటపడుతుంది. నీటి అంచున మగకప్పల అరుపు ఆడకప్పల కోసమే. ఋగ్వేదం ఏడో మండలంలోని మండూకసూక్తం కూడా వానకు గొంతు విప్పే కప్పలనే వర్ణించింది. అయితే వాన కురిపించడమే ఈ ఆచారానికి ప్రాణమైతే, కురవని ఏళ్ల దెబ్బకే అది అంతరించాలి. అలా జరగలేదు. వాన వచ్చినా రాకున్నా గింజలు పోగయ్యాయి, పొయ్యి వెలిగింది. పైగా నీళ్లు కరువైన రోజుల్లో, కుండలో నీళ్లున్న ఇల్లు నలుగురి ముందూ చెంబు వంచాల్సి వచ్చేది.

కప్పను కట్టి తిప్పడం హింస కదా అన్న ఆక్షేపణ మరింత బలమైనది. కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. పోసిన నీళ్లు దానికి కొంత ఊరటే కావచ్చు, ఆ కట్టు మాత్రం హింసే. గుడ్డతో చేసిన కప్పను మోసినా ఈ ఆచారం సారం తరగదు, ఎందుకంటే ఆ సారం చెంబులోనూ గింజల్లోనూ ఉంది.

వనపర్తి జిల్లాలో 1959లో పూర్తయిన సరళాసాగర్‌లో నీరు నిర్ణీత మట్టానికి చేరగానే సైఫన్లు వాటంతటవే పనిచేసి మిగులును కిందికి వదులుతాయి. మిగులును వదలడానికి యంత్రం దొరికింది. కొరతను పంచడానికి మాత్రం మనుషులే గడప గడపా తొక్కాలి. కప్పతల్లిని మోసినవాళ్లు చేసింది అదే.