కాడుగోడి తట్టున చెత్త చరిత్ర

మన తెలుగు ఊళ్ళలో మున్ను చెత్త యనునది మిక్కిలి తక్కువ. పాత ఇనుమునకు ఉల్లిగడ్డలు, పాత చీరలకు స్టీలు గిన్నెలు వచ్చుచుండెడివి. పేడయు, ఆకులును పెంటకుప్పకు చేరి పొలమునకు పోయెడివి. పారవేయుట యనగా ఏమో మన పెద్దలకు తెలియదనినను తప్పులేదు.

బెంగుళూరు తూర్పు కొసనున్న కాడుగోడి, వైటుఫీల్డు ప్రాంతము 2007లో ఏర్పడిన బృహత్ బెంగుళూరు మహానగర పాలికెలో చేరెను. చెరువులు, తోటలు ఉన్న చోట మేడలు లేచెను. ఆ మేడల చెత్తతో కూడిన నగరపు చెత్త యంతయు ఎచ్చటికి పోవుచుండెను? ఉత్తరమున మావళ్ళిపురమునకు, తూర్పున మండూరునకు. 2012లో మావళ్ళిపురము మూతపడగా బరువంతయు మండూరుపై పడెను. బావినీరు చెడెననియు, దుర్గంధము భరింపరాదనియు ఆ గ్రామస్థులు లారీలకు అడ్డు నిలిచిరి. ప్రభుత్వము మాట యిచ్చి, 2014 డిసెంబరు 1 నుండి అచ్చట చెత్త వేయుట మానెను. నగరవాసులకు బుద్ధి చెప్పినది న్యాయస్థానములకంటె ముందుగా ఆ పల్లెవారే యని మా అభిప్రాయము.

న్యాయస్థానముల పాత్రయు చిన్నది కాదు. బెంగుళూరు వాసియగు శ్రీమతి అల్‌మిత్రా పటేలు 1996లో సుప్రీంకోర్టున వేసిన వ్యాజ్యమే 2000 నాటి చెత్త నిబంధనలకు దారితీసెను. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి యను పద్ధతిని నగరమంతటను విధించెను. తడి చెత్తకు పచ్చబుట్ట, మలినవస్తువులకు ఎఱ్ఱబుట్ట, పొడి చెత్తకు సంచి.

ఇంత కట్టడి ఏల యందురేమో. అన్నము మెతుకులు తగిలిన కాగితమును పాతసామానుల కొట్టువాడు కొనడు. శుభ్రముగ నున్న నీళ్ళసీసా నూలుగా మారును. చిప్సు పొట్లముల వంటి పొరల ప్లాస్టిక్కును మాత్రము కొనువారు లేరు. సిమెంటు బట్టీలలో కాల్చుటకు పంపుచున్నారు.

ఈ వేరుచేయు విద్య నెరిగినవారు చెత్త ఏరుకొని బ్రతుకువారు. వారిని దొంగలవలె చూచిన నగరమే 2011లో వారికి గుర్తింపు కార్డు లిచ్చెను. హసిరుదళ యను సంస్థ వారిని కూడగట్టగా, వార్డులలోని పొడి చెత్త కేంద్రములు కొన్ని వారి చేతికే వచ్చెను. దస్త్రములు, ముద్రలతో జీవితము గడపిన మాకు ఒక చిన్న కార్డు విలువ తెలియును; పోలీసు ఆపినప్పుడు చూపుటకు అదొక్కటియే ఆధారము.

ఇటు 2013లో వైటుఫీల్డు నివాసులు వైటుఫీల్డు రైజింగు పేర కూడి, వీధులు శుభ్రపరచుటయు, ఇంటివద్దనే వేరుచేయుమని ప్రచారము చేయుటయు సాగించిరి. ఉద్యోగములకై వచ్చిన తమిళులు, తెలుగువారు, ఉత్తరాదివారు, స్థానికులగు కన్నడిగులు ఒక్కమాటపైకి వచ్చుటకు చెత్తకంటె తగిన కారణము దొరకదు కాబోలు! అధికారులు మారిరి, 2025 సెప్టెంబరులో ఆ పాలికె స్థానమున ఐదు నగరపాలికలు వెలసినవి. బుట్టలు మాత్రము మన వంటయింటనే యున్నవి.

సంఘముల విందులను గూర్చి యొక మాట. అరటియాకు ఎరువగును. కాగితపు గ్లాసునకు లోపల ప్లాస్టిక్కు పూత యుండుటచే దానిని కొనువారు అరుదు. విందులకు స్టీలు పళ్ళెములు, గ్లాసులు ఇచ్చి తిరిగి తీసికొను పళ్ళెముల బ్యాంకులు బెంగుళూరున కలవు. ఉగాది విందునకు ముందుగా చెప్పి తెప్పించుకొనవచ్చును.