సంఖ్య స్వరమయ్యే చోటు – రెండు తీగల చరిత్ర

సీడీ ప్లేయరును ఆంప్లిఫయరుకు కలపబోయేవారికి పెట్టె వెనుకవైపు రెండు దారులు కనిపిస్తాయి. ఎరుపు, తెలుపు రంగుల జంట రంధ్రాలు అనలాగు దారి. ఒంటరిగా ఉండే నారింజ రంగు రంధ్రమో, లోపల ఎర్రని కాంతి వెలిగే చిన్న చదరపు రంధ్రమో డిజిటలు దారి. ఈ రెంటిలో ఏది మేలని మిత్రులు అడిగినప్పుడల్లా నేను ముందు వాటి చరిత్ర చెబుతాను. ఈ తీగలు వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాల కోసం పుట్టినవి. మొదటిది ఎవరి అనుమతినీ అడగదు. రెండవదానిలో సంగీతంతోబాటు ఒక షరతు కూడా ప్రయాణిస్తుంది.

ఎరుపు, తెలుపు రంధ్రాల వంశం 1930ల నాటిది. అమెరికాలోని రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా సంస్థ, గ్రామఫోను పళ్ళేన్ని రేడియోకు కలిపి అదే స్పీకరులో పాట వినిపించడానికి ఈ అమరికను ప్రవేశపెట్టింది. ఆర్‌సీఏ పిన్ను అనే పేరు ఆ సంస్థ వలన వచ్చినదే. ఇందులో ఒక చిన్న లోపముంది. మధ్యనున్న పుల్ల ముందు తగులుతుంది, చుట్టూ ఉన్న రేకు తరువాత తగులుతుంది. అందుకే ఆంప్లిఫయరు నడుస్తుండగా పిన్ను గుచ్చితే గుర్రుమని పెద్ద చప్పుడు వస్తుంది. ఇంత లోపంతోనూ ఆ పిన్ను నేటికీ బతికే ఉంది.

అనలాగు తీగలో ప్రవహించే విద్యుత్తు ధ్వనికి ప్రతిబింబం. స్వరం పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. సీడీ ప్లేయరు నుండి వచ్చేది గరిష్ఠంగా సుమారు 2 వోల్టులు. దారిలో కరెంటు తీగల హోరు చేరితే అది కూడా పాటలో భాగమైపోతుంది, తరువాత దానిని వేరు చేయలేము. క్యాసెట్ల కాలంలో ఒక టేపు నుండి మరొక టేపుకు పాట ఎక్కించినవారికి ఈ సంగతి అనుభవమే. ప్రతి నకలుతోనూ బుస పెరుగుతూ, తాళాల మెరుపు తగ్గుతూ వచ్చేది.

1982 అక్టోబరులో సోనీ సంస్థ జపానులో సీడీపీ-101 అనే ప్లేయరును విడుదల చేయడంతో సంఖ్యల యుగం ఇళ్ళలోకి వచ్చింది. సోనీ, ఫిలిప్స్ కలిసి నిర్ణయించిన ప్రమాణం ప్రకారం ధ్వనిని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్ల సంఖ్యలుగా కొలుస్తారు. ఆ 44,100 వీడియో టేపుల నుండి వచ్చిన లెక్క. ఆనాడు ఇన్ని సంఖ్యలను భద్రపరచగల యంత్రం వీడియో రికార్డరే. ఒక గీతకు 3 కొలతల చొప్పున, 245 గీతలలో, సెకనుకు 60 సార్లు రాస్తే సరిగ్గా 44,100 అవుతుంది. యూరపు పద్ధతిలో 294 గీతలు, 50 సార్లు లెక్కవేసినా అంతే వస్తుంది.

అయితే తొలి ప్లేయర్లలో సంఖ్యను స్వరంగా మార్చే పరికరం, అంటే డాక్, పెట్టె లోపలే ఉండేది. సీడీపీ-101లో ఎడమ, కుడి ధ్వనులు రెంటికీ కలిపి ఒకే డాక్ వంతులవారీగా పనిచేసింది. బయటికి వచ్చేది పాత ఆర్‌సీఏ తీగలమీద అనలాగు ధ్వనే. సంఖ్యలను మార్చకుండా బయటికి పంపే దారి కోసం సోనీ, ఫిలిప్స్ పేర్లతోనే ఎస్‌పీడిఫ్ అనే పద్ధతి ఏర్పడింది. తోషిబా 1983లో తెచ్చిన టాస్‌లింకు అవే సంఖ్యలను ప్లాస్టిక్ పోగులో ఎర్రని కాంతిగా పంపుతుంది. అందులో విద్యుత్తు ప్రవహించదు గనుక రెండు పెట్టెల ఎర్తు తేడా వలన వచ్చే హోరు ఆ దారిలో దాటలేదు.

తెలుగు యూనికోడులో రాసేవారికి ఈ తేడాను వివరించడం సులభం. మనం పంపే అక్షరసంకేతం ఎక్కడికి వెళ్ళినా మారదు. అది కంటికి ఎలా కనిపిస్తుందన్నది మాత్రం చదువరి యంత్రంలోని ఖతిని బట్టి ఉంటుంది. డిజిటలు తీగ సంకేతాన్ని పంపుతుంది, డాక్ ఖతి పని చేస్తుంది. అనలాగు తీగ ముద్రించిన కాగితాన్నే అందిస్తుంది. కాబట్టి తీగను ఎంచుకోవడమంటే ఎవరి ఖతిలో చదవాలో ఎంచుకోవడమే.

ఈ పోలిక ఒకచోట చాలదు. ఎస్‌పీడిఫ్ తీగలో సంఖ్యలతోబాటు వాటి కాలగమనం కూడా కలిసే వస్తుంది. అందుకునే పెట్టె దానిలోనుండే తన గడియారాన్ని సరిచూసుకోవాలి. సంఖ్య తప్పకపోయినా తాళం లిప్తపాటులో వెయ్యోవంతుకన్నా తక్కువగా తడబడవచ్చు. దీనినే జిట్టరు అంటారు. 1992లో క్రిస్ డన్, మాల్కమ్ హాక్స్‌ఫర్డ్ అనే పరిశోధకులు ఈ అనుసంధానంలోనే లోపముందా అని ప్రశ్నిస్తూ పత్రం సమర్పించారు. తరువాతి డాక్‌లలో ఈ తడబాటును వడకట్టే ఏర్పాట్లు బాగా మెరుగుపడ్డాయి.

ఇక షరతు సంగతి. 1987లో డ్యాట్ అనే డిజిటలు టేపు వచ్చింది. అసలుకూ నకలుకూ తేడా లేకపోవడం రికార్డు కంపెనీలను భయపెట్టింది. సంగీతంలోనే 3,838 హెర్ట్‌జుల దగ్గర సన్నని గాడి కోసి, అది కనబడితే రికార్డింగు ఆగిపోయేలా చేద్దామని సీబీఎస్ సంస్థ ప్రతిపాదించింది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ పరీక్షించి, అది సంగీతాన్ని చెడగొడుతుందనీ, సులభంగా తప్పించుకోవచ్చుననీ 1988లో తేల్చింది. చివరికి ఎస్‌సీఎంఎస్ అనే రాజీ కుదిరింది. అసలు నుండి డిజిటలు నకలు తీయవచ్చు, ఆ నకలు నుండి మరొకటి తీయరాదు. అమెరికాలో 1992 నాటి చట్టం గృహ డిజిటలు రికార్డర్లకు దీనిని తప్పనిసరి చేసింది. ఈ ఆజ్ఞ ప్రయాణించేది ఎస్‌పీడిఫ్ తీగలోనే, పాట పక్కన కొన్ని బిట్లుగా. అనలాగు తీగలో ఆజ్ఞ రాయడానికి చోటే లేదు.

1999లో సూపర్ ఆడియో సీడీ వచ్చినప్పుడు ఈ కథ వింత మలుపు తిరిగింది. సీడీని మించిన ఆ ధ్వనిని సంఖ్యలుగా ఎస్‌పీడిఫ్ తీగలోకి వదలలేదు. ఆరు దిక్కుల ధ్వని కావాలంటే ఆరు ఆర్‌సీఏ తీగలు గుచ్చవలసి వచ్చింది. కొత్త శతాబ్దపు ధ్వని 1930ల పిన్నుమీద ప్రయాణించింది. 2005లో హెచ్‌డీఎంఐ 1.2 దానికి డిజిటలు దారి చూపింది, అదీ గూఢలిపి తాళంతో.

అందుకే నా సమాధానం ఇది. ఆంప్లిఫయరులోనో విడిగానో మంచి డాక్ ఉంటే, లేదా దారిలో హోరు వేధిస్తుంటే డిజిటలు తీగ వాడండి. ప్లేయరులోని డాక్ మేలైనదైతే అనలాగు తీగ చాలు. వీలైతే రెండూ గుచ్చి, ధ్వని స్థాయి సమానం చేసి మీ చెవితోనే పోల్చుకోండి. స్థాయి సమానం కాకపోతే బిగ్గరగా వినిపించేదే బాగుందనిపిస్తుంది. పాత పరికరాన్ని పారవేసేముందు మాత్రం ఎరుపు, తెలుపు రంధ్రాలను ఒకసారి తలచుకోండి. తొంభై ఏళ్ళ క్రితపు పళ్ళెం నుండి నేటి ప్లేయరు దాకా, యజమాని ఎవరో అడగకుండా పాటను దాటించగల దారి అది.