ఏసీ గార్డ్స్‌లో 'ఏ' అక్షరం

ఫుజైరా మొదలుకొని ఎమిరేట్ల తీరమంతటా పండుగల్లో లివా మోగుతుంది. పెద్ద డోళ్లు, సన్నాయిని పోలిన వాద్యం, వలయంగా తిరిగే ఆట. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన కళ అని సగర్వంగానే చెబుతారు. ఎలా వచ్చిందన్న ప్రశ్న దగ్గర మాట తగ్గుతుంది.

మాథ్యూ హాపర్ 2015లో వెలువరించిన 'స్లేవ్స్ ఆఫ్ వన్ మాస్టర్' ఆ ప్రశ్ననే పట్టుకుంది. పందొమ్మిదో శతాబ్దం చివర విదేశీ బజార్లలో ఖర్జూరానికీ ముత్యాలకూ గిరాకీ పెరిగింది. ఫుజైరాకు దిగువనున్న బాతినా తీరపు తోటల్లోకీ, గల్ఫ్ ముత్యాల పడవల్లోకీ ఆఫ్రికన్లను బానిసలుగా తెచ్చారు. కాలిఫోర్నియా ఖర్జూరం, జపాన్ సాగు ముత్యాలు ఆ వ్యాపారాన్ని కూల్చాయి. విముక్తి పత్రం కోసం షార్జాలోని బ్రిటిష్ ఏజెన్సీకి చేరినవారి వాంగ్మూలాలు ఈ గ్రంథానికి ప్రాణం. ఎక్కడ పుట్టారో, ఎవరు ఎత్తుకుపోయారో, ఎన్ని చేతులు మారారో నాలుగు వాక్యాల్లో ఒక జీవితం.

అదే సముద్రం దాటి మరికొందరు దక్కను చేరారు. వనపర్తి సంస్థానాధీశుని కొలువులోని ఆఫ్రికన్ సైనికులు పందొమ్మిదో శతాబ్దంలో నిజాం పరమయ్యారు. వారే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. హైదరాబాదు విలీనం తర్వాత దళం రద్దయింది. మాసాబ్‌ట్యాంక్ పక్కన 'ఏసీ గార్డ్స్' అన్న పేరు మిగిలింది. ఏసీ అంటే చల్లటి గది తప్ప మరేమీ స్ఫురించని ఈ కాలంలో ఆ మొదటి అక్షరం ఎవరిదో అడిగేవారు అరుదు. సిద్దీలు వాయించే మర్ఫా మాత్రం నగరంలో ప్రతి బారాత్‌కూ కావాలి! ఈ సమాజం గురించి అబాబు మిండా ఇమెనె 2004లో ఆంగ్లంలో ఒక పరిశోధన గ్రంథం ప్రచురించాడు. తెలుగులో అలాంటిది రావలసే ఉంది.

దీనివల్ల నష్టపోయేది బడికెళ్లే పిల్లవాడు. నల్లజాతి వ్యక్తిలో స్వీయ అస్తిత్వ స్పృహ ఎలా వికసిస్తుందో విలియం క్రాస్ 1971లో ఒక క్రమంగా వివరించాడు: తన రంగును పట్టించుకోని దశ, ఒక అవమానమో సంఘటనో కుదిపివేసే దశ, తనవారి చరిత్రలో మునిగిపోయే దశ, చివరికి దానితో స్థిమితపడి ఇతరులతో నిర్భయంగా కలిసే దశ. ఈ మెట్లు అందరికీ ఇదే వరుసలో వస్తాయని నమ్మనక్కరలేదు. అయినా బెవర్లీ డానియెల్ టాటమ్ 1997 నాటి తన ప్రసిద్ధ గ్రంథంలో దీన్ని బడి భోజనశాలకు అన్వయించిన తీరు ఆలోచింపజేస్తుంది. నల్లజాతి పిల్లలు ఒకే బల్ల దగ్గర చేరడాన్ని ఉపాధ్యాయులు వేర్పాటుగా చూస్తారు; అవమానాన్ని పంచుకోగల తోడు కోసం వెతుకులాటగా ఆమె చూస్తుంది. బోస్టన్ శివారు బడి ఒకటి అలాంటి పిల్లలకు రోజూ పెద్దల సమక్షంలో కలిసి మాట్లాడుకునే సమయం కేటాయించిన ఉదంతాన్ని ఆమె వివరంగా రాసింది. చదువూ మెరుగుపడింది.

టాటమ్ పిల్లలకు చరిత్రలో మునగడానికి పుస్తకాలున్నాయి, వీరుల పేర్లున్నాయి. ఏసీ గార్డ్స్ పిల్లవాడి ఉంగరాల జుట్టును చూసి తోటివారు "నీదే దేశం?" అని అడిగితే, జవాబు అతని పాఠ్యపుస్తకంలో దొరకదు. కర్ణాటకలో సిద్దీలు 2003లో షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. తెలంగాణ జాబితాలో ఆ పేరు లేదు. ఆ సంగతి తేలడానికి ఎన్నేళ్లు పట్టినా, షార్జా వాంగ్మూలాల్లో రెండింటిని తెలుగులోకీ ఉర్దూలోకీ తెచ్చి ఎనిమిదో తరగతిలో చదివించడానికి ఒక పీరియడ్ చాలు.